2004 మారుతీ జెన్: కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లకు పనికొస్తుందా? ఏళ్ల తరబడి వాడాక నా మాట

నా దగ్గరున్నది 2004 మోడల్ మారుతీ జెన్ ఎల్ఎక్స్, పెట్రోల్, ఏపీ 16 నంబరు. 2020 చివర్లో, కరోనా మొదటి వేవ్ కాస్త తగ్గాక విజయవాడలోనే కొన్నాను. అప్పటికి లైసెన్సు కొత్త, సొంత కారు ఇదే మొదటిది. ఇప్పటికీ ఆఫీసుకి, మార్కెట్‌కి, ఊరికి ఇదే తిరుగుతోంది. పాత కారు కొని దాన్ని తమకు నచ్చినట్టు చేసుకోవాలనే వాళ్లు ఈ బండి గురించి నన్ను చాలాసార్లు అడుగుతుంటారు, అందుకే తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇరవై ఏళ్ల బండి కొన్నవాడు మొదటి ఏడాది డబ్బంతా బయటికి కనిపించని వాటి మీదే పెట్టాలి. బ్రేకులు, టైర్లు, కూలింగ్, రబ్బరు పైపులు, బుష్‌లు, వైరింగ్. ఇవి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో ఆ స్థితికి తేవడమే అసలైన మాడిఫికేషన్ అని నేను గట్టిగా నమ్ముతాను. అల్లాయ్ వీల్స్, సబ్ వూఫర్, స్పాయిలర్ ఆ తర్వాతి సంగతి, లేకపోయినా నష్టం లేదు.

జెన్ ఎందుకంటే, ఆ ధరలో దొరికే పాత బండ్లలో నడపడానికి ఇంత హాయిగా ఉండేది ఇంకోటి నాకు కనిపించలేదు. 1993లో వచ్చి 2006 వరకు తయారైంది. 993 సీసీ అల్యూమినియం ఇంజిను, నాది ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు కొలిచి పెట్రోలు పంపే రకం) కాబట్టి 60 హెచ్‌పీ. కాగితం మీద ఇది చిన్న సంఖ్యే గానీ బండి బరువు 800 కేజీలు కూడా లేదు, అందుకే సెకండ్ గేరులో ఆక్సిలేటర్ తొక్కితే వచ్చే పికప్ చూసి కొత్త కార్లు నడిపేవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. గేర్లు టక్కుమని పడతాయి. డాష్‌బోర్డు కిందికి ఉంటుంది, అద్దాల మధ్య స్తంభాలు సన్నగా ఉంటాయి, దాంతో బానెట్ ఎక్కడ అయిపోతోందో, ఎడమ పక్క స్కూటీ ఎంత దూరంలో ఉందో కూర్చున్న చోటి నుంచే తెలుస్తుంది. మూడున్నర మీటర్ల బండి, వన్ టౌన్ సందుల్లో కూడా తిప్పుకోవచ్చు. కొత్త డ్రైవరుకి దీనికంటే మంచి పాఠం లేదు. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పిపుడతాయి, కానీ కదులుతుంటే టైరు కింద రోడ్డు ఎలా ఉందో చేతికి తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2006 చివర్లో వచ్చిన జెన్ ఎస్టిలో పూర్తిగా వేరే బండి, బాడీ వేరు, ఇంజిను వేరు. అమ్మేవాళ్లు రెంటినీ జెన్ అనే అంటారు, స్పేర్ పార్టుల షాపులోనూ ఈ గందరగోళం ఉంటుంది. పార్టు అడిగేటప్పుడు "పాత జెన్, ఎంపీఎఫ్ఐ" అని ఏడాదితో సహా చెప్పాలి. కంప్యూటరు లేకుండా పెట్రోలు, గాలి కలిపే పాత కార్బురేటర్ జెన్ మీద మోజు ఉన్నవాళ్లు ఉన్నారు, నాకూ ఇష్టమే, కానీ కార్బురేటర్ సరిగ్గా సెట్ చేయగల మేస్త్రీలు తగ్గిపోతున్నారు. మొదటి కారుగా అయితే ఎంపీఎఫ్ఐ తీసుకోండి.

కొన్నది అరవై ఐదు వేలకి. ఏడాది తిరిగేసరికి దాదాపు అంతే మళ్లీ పెట్టాను. ఇది ముందే లెక్కలో ఉన్న ఖర్చు. పాత బండి కొనేవాళ్లు చేతిలో ఉన్న మొత్తంలో సగమే ధరకి పెట్టి మిగతాది పక్కన ఉంచుకోవాలి, లేదంటే రెండో నెల నుంచే టెన్షన్ మొదలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది కూలింగ్ గురించి. ఈ ఇంజిను అల్యూమినియం. ఒక్కసారి బాగా వేడెక్కితే హెడ్ (ఇంజిను పైభాగం) వంగుతుంది, దాని కింద ఉండే గ్యాస్కెట్ పోతుంది, హెడ్‌ని చదును చేయించాల్సి వస్తుంది. నేను కొన్న బండిలో రేడియేటర్ మూత తీస్తే కూలెంట్ రంగే లేదు, తుప్పు నీళ్లు. పాత ఓనరు బోరు నీళ్లు పోస్తూ వచ్చారట. ఉప్పు నీళ్లు అల్యూమినియాన్ని లోపల్నుంచి తినేస్తాయి, రేడియేటర్ గొట్టాల్లో ఉప్పు పేరుకునేలా చేస్తాయి. ఆటోనగర్‌లో నేను వెళ్లే మేస్త్రీ గారు చూసి, "బాబూ, బండికి రంగు తర్వాత వేయిద్దువు గానీ, ముందు ఈ నీళ్ల సంగతి తేలుద్దాం" అన్నారు. రేడియేటర్ విప్పి కడిగించి, పైనా కిందా హోస్‌లు మార్చి, వాటర్ పంపు కొత్తది వేశాం. ఎలాగూ టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు కాబట్టి అదీ, టెన్షనరూ అప్పుడే మార్పించాను. బెల్టు తెగిందంటే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, దాని చరిత్ర తెలియనప్పుడు మార్చేయడం తప్ప దారి లేదు.

ఇంకో విషయం బయటపడింది, ఇంజిను వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు తీసేసి ఉంది. మన దగ్గర ఇది చాలామంది చేస్తారు, "ఎండల దేశం, ఇది ఎందుకు" అని. నేను దీన్ని ఒప్పుకోను. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిను వేడెక్కాల్సినంత వేడెక్కదు, కంప్యూటరు ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పంపిస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజిను అరుగుదల పెరుగుతుంది. కొత్తది వేయించాక లీటరుకి ఒకటిన్నర కిలోమీటరు దాకా తేడా కనిపించింది. ఇప్పుడు సిటీలో ఏసీతో 13, 14 మధ్య ఇస్తుంది, ఏలూరు వైపు హైవే మీద నెమ్మదిగా పోతే 17 దాటుతుంది. రోహిణీ కార్తెలో, బెజవాడ ఎండలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని ఇరుక్కుపోయినా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. ఫ్యాను ఆన్ అయ్యే శబ్దం వినిపిస్తే చాలు, నాకు నిశ్చింత. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపిందే పోస్తాను, రెండేళ్లకోసారి మార్పిస్తాను.

టైర్లకి వస్తే, పైకి గాళ్లు నిండుగా ఉన్నాయి కదా అని మోసపోకండి. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది, 2315 అంటే 2015లో 23వ వారం. నా బండికి వచ్చిన టైర్లు చూడ్డానికి బాగున్నాయి, వయసు చూస్తే గట్టిపడిపోయినవి, వానలో పట్టు లేదు. అసలు సైజు 145/70 ఆర్13. నేను 155/65 ఆర్13 వేయించాను. రెంటి చుట్టుకొలత దాదాపు ఒక్కటే కాబట్టి స్పీడోమీటరు తేడా రాదు, ఫెండరుకి తగలదు, పైగా ఆల్టో కే10కి వాడిన సైజు కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. బండి మీద నేను చేసిన మార్పుల్లో ఖర్చుకి తగ్గ ఫలితం బాగా తెలిసింది దీంతోనే. మలుపుల్లో నమ్మకం పెరిగింది. ఇంతకంటే వెడల్పు వేస్తే పవర్ స్టీరింగ్ లేని బండికి భారం, మైలేజీ కూడా పోతుంది.

బ్రేకులు ముందు డిస్క్, వెనక డ్రమ్. వెనక వీల్ సిలిండర్లు కారుతున్నాయి, మార్పించాం. రబ్బరు బ్రేక్ పైపులు కూడా. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుందని, రెండేళ్లకోసారి మార్చాలని చాలామందికి తెలియదు, అమ్మేవాళ్లయితే ఆ మాటే ఎత్తరు. ముందు షాక్‌లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చాక స్పీడ్ బ్రేకర్ మీద వచ్చే టకటక శబ్దం పోయింది.

లైట్ల గురించి కూడా చెప్పాలి. 2003 తర్వాతి జెన్‌కి హెడ్‌లైట్లు పెద్దవే, అయినా రాత్రి హైవే మీద మసకగా అనిపించేవి. అందరూ ఎల్ఈడీ వేయించమన్నారు. హాలోజెన్ బల్బు కోసం చేసిన డూమ్‌లో (హెడ్‌లైటు గిన్నెలో) ఎల్ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో కొడుతుంది, రోడ్డు మీద మాత్రం పడదు. నేను రిలే (స్విచ్చు గుండా కాకుండా బ్యాటరీ కరెంటుని నేరుగా బల్బుకి పంపే చిన్న పరికరం) వైరింగ్ వేయించి మామూలు 60/55 వాట్ల బల్బులే ఉంచాను. పాత వైర్లలో, స్విచ్చులో కరెంటు తగ్గిపోవడమే అసలు జబ్బు కాబట్టి, రిలే వేయగానే అదే బల్బు తెల్లగా వెలిగింది. పదిహేను వందల లోపు పని. ఎలక్ట్రీషియన్ మాత్రం జాగ్రత్త గలవాడై ఉండాలి, ఫ్యూజు పెట్టకుండా వైరు లాగితే బండి తగలబడిపోయే ప్రమాదం ఉంది.

పవర్ పెరుగుతుందని చాలామంది వేయించే ఫ్రీ ఫ్లో సైలెన్సర్లు, కోన్ ఆకారపు గాలి ఫిల్టర్లు నేను వేయించలేదు, ఎవరికీ చెప్పను కూడా. ఈ ఇంజినుకి శబ్దం తప్ప అదనంగా వచ్చేదేమీ లేదు. బండి కిందికి దిగాలని స్ప్రింగులు కోయించేవాళ్లని చూస్తే నిజంగా భయమేస్తుంది. గుంట వచ్చినప్పుడు చక్రం దారి తప్పుతుంది, స్ప్రింగు సీటులోంచి జారే అవకాశం ఉంది. పైగా ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. నేను అసలు రంగే మళ్లీ వేయించాను. సీట్లు ఆటోనగర్‌లోనే కొత్త ఫోముతో కుట్టించాను, ముందు తలుపులకి స్పీకర్లు, అంతే.

పెట్రోలులో ఇథనాల్ సంగతి చాలామంది అడుగుతున్నారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అప్పటి బండ్లు దీని కోసం చేసినవి కావు. రబ్బరు పెట్రోలు పైపులు గట్టిపడి పగుళ్లు రావడం నా బండిలో కనిపించింది, వయసు కూడా కారణమే అనుకోండి. ఇంజిను దగ్గరి పైపులు, ట్యాంకు దగ్గరివి అన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించాను, ఫిల్టరు తరచుగా మారుస్తున్నాను. బండిని ఎక్కువ రోజులు కదపకుండా వదిలేయను, ఇథనాల్ తేమని లాక్కుంటుంది. బండి దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆ రోజు తీయకండి, మేస్త్రీనే ఇంటికి పిలవండి.

సర్వీసు పార్టులు, అంటే ఫిల్టర్లు, ప్లగ్గులు, క్లచ్ ప్లేటు, బెల్టులు ఇప్పటికీ సులువుగా, చవగ్గా దొరుకుతున్నాయి. కష్టమంతా బాడీ వస్తువుల దగ్గరే. తలుపుల రబ్బరు బీడింగులు, టెయిల్ లైటు, డాష్‌బోర్డు ప్లాస్టిక్కులు దొరకవు, స్క్రాప్ షాపుల్లో ఓపిగ్గా వెతకాలి. అందుకే కొనేటప్పుడు ఇంజిను కాస్త నీరసంగా ఉన్నా పర్వాలేదు, బాడీ గట్టిగా ఉన్నది చూడండి. బ్యాటరీ ట్రే కింద, ఫ్లోరు మ్యాట్లు ఎత్తి, తలుపుల అడుగున, ముందు షాక్‌లు బిగించే చోట తుప్పు చూడాలి. ఒక చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి, అతుక్కోకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టే. మచిలీపట్నం, విశాఖ వైపు సముద్రం గాలికి తిరిగిన బండ్లయితే ఇంకా జాగ్రత్త.

విజయవాడలో కొనేవాళ్లు ఇంకోటి చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అవి బాగుచేసి అమ్మకానికి వస్తున్నాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తే లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాల కింద, స్టెపినీ గుంటలో, ఫ్యూజు బాక్సు వెనక కూడా చూడండి. నీట మునిగిన బండి ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు, వైరింగు సమస్యలు ఏళ్ల తర్వాత బయటపడతాయి.

భద్రత గురించి దాపరికం లేకుండా చెబుతాను. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. 80 దాటి నడపను. రాత్రిపూట లారీలు పోయే హైవేలో పిల్లల్ని ఎక్కించుకుని దూరం వెళ్లను, దానికి మా బావగారి కొత్త కారు తీసుకుంటాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు ఇదే అవుతుంది, కుటుంబంతో తరచూ హైదరాబాదు పోవాలి అనుకుంటే జెన్ కొనొద్దు, అప్పు చేసైనా ఎయిర్‌బ్యాగులున్న బండి తీసుకోండి. వెనక సీటులో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాల్సిందే, నా బండిలో పెట్టుకోకపోతే స్టార్ట్ చేయను.

కాగితాల సంగతి. పదిహేనేళ్లు దాటితే బండి రోడ్డెక్కకూడదని మన దగ్గర ఒక భయం ఉంది, అది ఢిల్లీ పరిసరాల నిబంధన. ఆంధ్రాలో సొంత కారుకి పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే చాలు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూసి ఓకే అనాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. నేను 2024లో చేయించాను. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి ఐదు వేలు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి పది వేలు చేశారు, కొనేముందు ఇది కలుపుకుని బేరమాడండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 1000 సీసీ లోపు కాబట్టి తక్కువే, 2022లో పెట్టిన రేటు ప్రకారం 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యేదాకా అమ్మినాయన ఫోన్ నంబరు పోగొట్టుకోవద్దు, పాత చలాన్లు, ఫైనాన్సు మిగిలి ఉందేమో ముందే చూసుకోండి. ఢిల్లీ నుంచి తక్కువకి వచ్చే కార్లకి ఎన్ఓసీ (అక్కడి రవాణా శాఖ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక మిగలదు.

నేను ఈ శీతాకాలంలో ఏసీ కండెన్సరు, క్లచ్ కేబులు మార్పించబోతున్నాను. వెనక ఎడమ తలుపుకి అసలు బీడింగు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను, ఎవరి దగ్గరైనా మంచిది ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.