సైకిల్ షాపు సర్వీసు: గేరు అదిరింది, బ్రేకు బెదిరించింది

షాపు పేరు రాయడం లేదు. పొగిడేది ఎంత ఉందో తిట్టేదీ అంతే ఉంది, పైగా రేపు చక్రం వంగితే మళ్ళీ అక్కడికే పోవాలి. విజయవాడ ఏలూరు రోడ్డు నుంచి లోపలికి ఒక సందులో ఉంటుంది, అంతవరకే చెప్తా.

జులైలో గ్రావెల్ బైక్ (కంకర, మట్టి రోడ్ల మీద తొక్కే సైకిల్) వేసుకుని ఇటలీ ఆల్ప్స్‌కి వెళ్ళాను. సూసా అనే ఊళ్ళో మొదలెట్టి కొల్లె దెల్లె ఫినెస్ట్రె కనుమ ఎక్కి, ఆ తర్వాత అస్సియెట్టా అనే పాత మిలిటరీ మట్టిరోడ్డు మీదుగా సెస్ట్రియెరె చేరాలని ప్లాన్. ఫినెస్ట్రె ఎక్కుడు 18.5 కిలోమీటర్లు, సగటున 9 శాతం పైనే వాలు, చివరి 8 కిలోమీటర్లు తారు ఉండదు, అంతా కంకరే. మనకి ఇక్కడ దొరికే ప్రాక్టీసేమో బందరు కాలవ కట్ట, ఆదివారాలు కొండవీడు ఘాట్ రోడ్డు.

వెళ్ళే ముందు సర్వీసుకి ఇస్తే, షాపులో పెద్ద మెకానిక్ (అందరూ బాబాయ్ అంటారు) ముందు ఆ రోడ్డు చూపించమన్నాడు. 2018 జిరోలో (ఇటలీలో జరిగే పెద్ద సైకిల్ రేసు) బ్రిటిష్ రేసర్ క్రిస్ ఫ్రూమ్ ఆ కంకర మీదే అందర్నీ వదిలేసి 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచిన వీడియో పెట్టాను. టీ చల్లారిపోతున్నా కదలకుండా చూసి, నా చైన్‌రింగ్ (పెడల్ దగ్గరుండే పళ్ళచక్రం) పళ్ళు వేలితో లెక్కపెట్టి, "నలభయ్యా? ఇది బెంజ్ సర్కిల్ గేరు నాయనా. ఆయన కాళ్ళు వేరు, నీ కాళ్ళు వేరు" అన్నాడు. 36 పళ్ళది వేయించుకోమన్నాడు. వెనక చక్రానికున్న పళ్ళచక్రాల్లో పెద్దది 42, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం పూర్తిగా ఒక చుట్టు కూడా తిరగదు. డబ్బులు దండగ, చదును రోడ్డు మీద స్పీడ్ పోతుంది అని గొణుక్కుంటూనే వేయించాను.

ఆ గొణుగుడు సూసా దాటిన పావుగంటలో ఆగిపోయింది. అడవిలో మలుపు మీద మలుపు, ఎక్కడా కాస్త చదును అన్నదే లేదు. తారు అయిపోయిన చోట దిగి టైర్లలో గాలి కొంచెం తగ్గించాను, ఎందుకంటే గట్టిగా ఉంటే కంకర మీద వెనక చక్రం జారుతుంది, సీటు మీంచి లేచి తొక్కినా జారుతుంది, కాబట్టి కూర్చునే, గంటకి 6 కిలోమీటర్ల లెక్కన, పక్కన ఆవులు నన్ను జాలిగా చూస్తుంటే తొక్కాను. సూసా నుంచి పైదాకా మొత్తం మూడు గంటల పైనే పట్టింది. 2,178 మీటర్ల బోర్డు దగ్గర దిగి మొదట బాబాయ్‌కే ఫోటో పంపించా. 40 పళ్ళతో అయితే సగం దూరం సైకిల్ నెట్టుకుంటూ పోయేవాణ్ణి.

ఇప్పుడు తిట్లు. కొండవీడు దిగి దిగి ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని, కొత్తవి వేయమని రెండుసార్లు చెప్పాను. బిల్లులో ప్యాడ్లూ ఉన్నాయి, బిగించినందుకు 150 కూడా ఉంది. ఫినెస్ట్రె అవతలి వైపు దిగుతుంటే, ఇరుకు తారు రోడ్డు, పక్కన లోయ, ముందు చక్రం దగ్గర ఇనుము ఇనుముని గీకినట్టు గరగర మొదలైంది. గుండె గొంతులోకొచ్చింది. వెనక బ్రేక్ మీదే ఎలాగో ఆపి టూల్ బ్యాగ్ విప్పితే, అడుగున కొత్త ప్యాడ్లు కవర్ కూడా చింపకుండా పడున్నాయి! బిగించాల్సిన కుర్రాడు బ్యాగులో వేసి చేతులు దులుపుకున్నాడు. యూట్యూబ్‌లో ఎప్పుడో చూసింది గుర్తు తెచ్చుకుంటూ, టైర్ ఊడదీసే లివర్‌తో, ప్యాడ్లని నొక్కే బ్రేకు పిస్టన్లు వెనక్కి తోసి, ఆలెన్ కీతో నేనే బిగించుకున్నా. ముప్పావు గంట పట్టింది. కొత్త ప్యాడ్లు పట్టు అందుకునేదాకా మెల్లగా ఆపుకుంటూ దిగాను.

తర్వాత అస్సియెట్టా హాయిగా సాగింది. జులై, ఆగస్టుల్లో బుధ, శనివారాలు అటు కార్లని, మోటారు సైకిళ్ళని రానివ్వరు. నేను వెళ్ళింది శనివారం, దుమ్ము లేదు, హారన్ లేదు.

ప్యాకింగ్ మాత్రం సూపర్. విమానంలో పోనూ రానూ సైకిల్ మీద ఒక్క గీత పడలేదు.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. గేర్ల గురించి సలహా కావాలంటే కళ్ళు మూసుకుని వెళ్ళండి, కానీ బండి తీసుకునేటప్పుడు చక్రం విప్పించి ప్యాడ్లు కళ్ళతో చూసి మరీ డబ్బులివ్వండి. వచ్చాక వెళ్ళి జరిగింది చెప్తే బాబాయ్ కుర్రాడి వైపు చూశాడు, కుర్రాడు గోడ వైపు చూశాడు. నా 150 నాకిచ్చెయ్యమంటే, "పని నేర్చుకున్నావుగా, ఫీజు అనుకో" అని టీ చెప్పాడు.