ఎండతో ఆకుల అచ్చులు: సయనోటైప్ కిట్ సమీక్ష
ముందే రసాయనం పూసిన కాగితాలు, పైన పెట్టే పారదర్శక పలక. అంతే, కెమెరా అక్కర్లేదు. ఎండతో కాగితంపై నీలి రంగు బొమ్మ తెచ్చే ఈ సయనోటైప్, 1842లో ఆంగ్లేయ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతే. నీడలో కాగితం తీసి, ఆకు పరిచి, పలకతో బిగించి ఎండలో 3–5 నిమిషాలు ఉంచాలి. కాగితం పాలిపోయి దాదాపు తెల్లబడగానే నీళ్లలో కడిగేయాలి. అప్పుడు ఎండ తగిలిన చోటు నీలంగా మారుతుంది, ఆకు కప్పిన చోటు తెల్లగా మిగులుతుంది.

అంచులు మసకబారాయంటే ఆకు కాగితానికి సరిగ్గా ఆనలేదన్నమాట. పచ్చి ఆకు చెమ్మతో మరకలు పెడుతుంది. పుస్తకంలో ఒక రోజు నొక్కి ఉంచిందైతే మేలు. మందపాటి ఆకు ఉత్త తెల్ల మచ్చగా మిగులుతుంది. ఫెర్న్ అయితే ముచ్చటగా పడుతుంది!

కాగితాలు మరీ చిన్నవి, అదొక్కటే అసంతృప్తి. నీలం చిక్కబడటానికి ఒక రోజు ఆగాలి. తొందరైతే కడిగే నీళ్లలో కొన్ని చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయండి. సబ్బు మాత్రం తగలనివ్వొద్దు, క్షారానికి రంగు వెలిసిపోతుంది.