పారిస్‌లో 18 చదరపు మీటర్ల స్టూడియో రిపేర్లకి లెక్క కట్టించుకున్నాం, 480 యూరోలు ఇచ్చి

ముందే చెప్పేస్తున్నా, లెక్క కట్టిన మెట్రర్ (పనిని కొలిచి ఖర్చు అంచనా రాసిచ్చేవాడు) సర్వీసు బాగుంది, కానీ ఆలస్యం చేశాడు, ఒకచోట గట్టిగానే తప్పు లెక్క వేశాడు. అయినా మళ్ళీ అవసరం పడితే ఇలాంటి మనిషికే డబ్బు కడతాను గానీ ఊరికే అంచనా చెప్పే వెబ్‌సైట్ల జోలికి మాత్రం పోను.

మేముండేది లియాన్‌లో. పారిస్‌లో 1962లో కట్టిన ఒక బిల్డింగ్‌లో చిన్న స్టూడియో కొన్నాం, బాగుచేయించి అద్దెకిద్దామని. ఐదో అంతస్తు, లిఫ్ట్ లేదు. కొన్నరోజు రాత్రి మావారు ఒక వెబ్‌సైట్ తెరిచారు. అది అడిగినవి మూడే ప్రశ్నలు: ఎన్ని చదరపు మీటర్లు, ఏ ఊరు, పని పైపైనా పూర్తిగానా. వెంటనే 17,100 యూరోలు అని చూపించింది. 18ని 950తో గుణించింది, అంతే! ఈయన ఆ అంకె చూసి "లోన్‌లో పనులకి 18,000 పెట్టించేద్దాం, ఇంకా 900 మిగులుతుంది" అని సంబరపడిపోయారు.

నాకు నమ్మకం కలగలేదు. 60 చదరపు మీటర్ల ఇంట్లో కూడా ఒకటే బాత్‌రూమ్, ఒకటే వంటగది, ఒకటే ఎలక్ట్రిక్ బోర్డు, ఒకటే గీజర్. మా 18లోనూ అవన్నీ ఉన్నాయి. ఖర్చంతా అక్కడే ఉంటుంది, పెద్ద ఇంట్లో మిగతా చోటంతా ఉట్టి గోడలూ నేలే కాబట్టి సగటు తగ్గుతుంది. చిన్న ఇంట్లో తగ్గించడానికి ఏముందని? చదరపు మీటరు రేటు అనేది స్టూడియోల దగ్గరికొచ్చేసరికి చెల్లదు, ఇది ఇప్పుడు ఢంకా బజాయించి చెప్తాను, అప్పుడు మాత్రం ఊహే.

తర్వాత ఒక బ్రోకర్‌ని పట్టుకున్నాం. పనివాళ్ళని చూపించి మనకి ఫ్రీ అంటారు వీళ్ళు, వాళ్ళ కమీషన్ పనిచేసే కంపెనీ నుంచి వస్తుంది, ఆ కంపెనీ దాన్ని ఎక్కడినుంచి తెస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన పంపిన మనిషి పావుగంట చూసి, బయటి గోడకి లోపలివైపు ఇన్సులేషన్ వేయకపోతే అద్దెకివ్వలేరని భయపెట్టి వెళ్ళాడు. దానికే 4,000 అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా.

చివరికి ఒక మెట్రర్‌ని పెట్టుకున్నాం. అంటే పని చేయడు, పనివాళ్ళనీ చూపించడు, వచ్చి కొలిచి, ఏ పని ఎంత పరిమాణమో రాసి, ధర కట్టి ఇస్తాడు. ఫీజు 480 యూరోలు, టాక్స్‌తో కలిపి. పేరు రాయట్లేదు, ఇలా చేసేవాళ్ళు ఒక్కరు కాదు, మీ చుట్టుపక్కల వెతికితే దొరుకుతారు.

వచ్చినరోజు నేను రైలెక్కి వెళ్ళాను. లేజర్ మీటరు, టార్చి, తేమ చూసే పరికరం, ఒక పాత పుస్తకం. గంటా నలభై నిమిషాలున్నాడు, ఆ గదిలో అంతసేపు చూడ్డానికి ఏముందో అనిపించింది నాకు. గోడల మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాడు, బాత్‌రూమ్ గోడ దగ్గర ఆగి "ఇది ప్లాస్టర్ దిమ్మెలు, పగలగొడితే బరువు" అన్నాడు. ఫ్రిజ్ ముందుకి జరిపి వెనకాల మూలలో లినోలియం కొస పట్టుకుని పైకి లేపాడు. కింద నల్లటి జిగురు, దాని మీద ఎర్రటి పాత పలకలు. ఏమీ అనలేదు, ఫోటో తీసి మళ్ళీ జాగ్రత్తగా మూసేశాడు. ఆ మూయడం చూసి నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది.

ఐదు రోజుల్లో ఇస్తానన్న రిపోర్టు పన్నెండు రోజులకి వచ్చింది. రెండుసార్లు ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తాడు. ఇది పెద్ద మైనస్, మేం కరెంటు, బిల్డింగ్ ఛార్జీలు అన్నీ కట్టుకుంటూ ఎదురుచూస్తున్నాం మరి.

కానీ రిపోర్టు తెరిచాక కోపం సగం పోయింది. పదకొండు పేజీలు. మా గది గోడలూ సీలింగూ కలిపి పెయింట్ వేయాల్సింది 18 కాదు, 51 చదరపు మీటర్లు! ఆలోచిస్తే మామూలు లెక్కే, చుట్టుకొలత 17 మీటర్లు, ఎత్తు రెండున్నర, అందులోంచి కిటికీ, తలుపులు తీసేసి పైకప్పు కలపాలి. లీటరు పెయింట్ ఒక కోటుకి పది చదరపు మీటర్లు వస్తుందనుకుంటే రెండు కోట్లకి పది లీటర్ల పైమాటే. బాత్‌రూమ్ నేల 2.4 చదరపు మీటర్లే, కానీ గోడలకి రెండు మీటర్ల ఎత్తుదాకా టైల్స్ వేస్తే, కోతల్లో పోయేది పది శాతం కలిపి 13 చదరపు మీటర్లు కావాలి. ఇవేవీ గుణకారాల వెబ్‌సైట్‌కి తెలియవు.

మొత్తం 29,800 యూరోలు. దానిపైన అనుకోని ఖర్చులకి 12 శాతం విడిగా, అంటే 33,400 దాకా సిద్ధంగా ఉండమన్నాడు. మావారు ఆ పేజీ చూసి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "వీడు అన్నీ పెంచి రాశాడేమో" అన్నారు. "ఏవండీ, పెంచితే ఆయనకేం వస్తుంది, పని చేసేది ఆయన కాదుగా" అన్నాను. ఈ సర్వీసు విలువ అసలు ఇదే అనుకుంటా, లెక్క చెప్పేవాడికీ పని చేసేవాడికీ సంబంధం లేకపోవడం.

ఇన్సులేషన్ సంగతికి వస్తా. అమ్మినవాళ్ళు ఇచ్చిన ఎనర్జీ సర్టిఫికెట్ 2023ది, అందులో మా స్టూడియోకి ఎఫ్ గ్రేడ్ (ఏ అన్నిటికంటే మంచిది, జీ అన్నిటికంటే అధ్వానం). ఫ్రాన్స్‌లో 2025 జనవరి 1 నుంచి జీ గ్రేడ్ ఇళ్ళు కొత్తగా అద్దెకి ఇవ్వకూడదు, ఎఫ్ వంతు 2028లో వస్తుంది. అందుకే బ్రోకర్ మనిషి భయపెట్టాడు. మెట్రర్ మాత్రం ఒక్క లైను రాశాడు: 40 చదరపు మీటర్ల లోపు ఇళ్ళకి 2024 జులై నుంచి గ్రేడ్ల హద్దులు మార్చారు, పాత సర్టిఫికెట్ నంబరుతో అదెమ్ (ఇంధనం సంగతులు చూసే ప్రభుత్వ సంస్థ) సైట్లో చూసుకోండి, అని. చిన్న ఇంట్లో వేడినీళ్ళ ఖర్చు కొద్ది చదరపు మీటర్ల మీదే పడి గ్రేడ్ అన్యాయంగా దిగిపోతోందని చేసిన మార్పట అది. చూస్తే మాది ఎఫ్ నుంచి 'ఈ' (E) గ్రేడ్ అయ్యింది, ఒక్క మేకు కొట్టకుండా! 'ఈ' (E) గ్రేడ్‌కి గడువు 2034. పైగా నాలుగు మీటర్ల గోడకి పది సెంటీమీటర్ల మందం వేస్తే 0.4 చదరపు మీటరు పోతుంది, పారిస్‌లో చదరపు మీటరు తొమ్మిది వేల పైన పలికే చోట అది ఊరికే పోగొట్టుకునే స్థలం కాదు. గోడ చల్లగా ఉంటుంది, అది నిజమే, వీలున్నప్పుడు చేయిస్తాం, కానీ భయంతో ఇప్పుడే చేయించే పని తప్పింది. ఫీజు ఈ ఒక్క లైనుతోనే వచ్చేసింది.

నాకు టాయిలెట్‌ని అవతలి మూలకి మార్చాలని ఉండేది, వంటగట్టు కాస్త పొడుగు వస్తుందని. దాన్ని కూడా లెక్క వేశాడు: నిలువు పైపు నుంచి మూడున్నర మీటర్లు, వంద మిల్లీమీటర్ల గొట్టం, మీటరుకి రెండు సెంటీమీటర్ల వాలు. వాలుకే ఏడు, గొట్టం మందం కలిపితే పదిహేడు పద్దెనిమిది సెంటీమీటర్లు నేల పైకి లేపాలి. అంటే రెండున్నర మీటర్ల ఎత్తున్న గదిలో ఒక అరుగు మీద కమోడు! ఆ బొమ్మ ఊహించుకుని నేనే వద్దన్నాను. మోటారుతో నలిపి పంపే టాయిలెట్లు ఉంటాయి గానీ, ఆ చప్పుడు పక్కింటికి వినపడుతుంది, అద్దెకున్నవాళ్ళు అందులో ఏదో ఒకటి వేసి చెడగొడతారు కూడా.

ఇక ఆ నల్ల జిగురు. 1997 జులై 1కి ముందు అనుమతి తీసుకున్న బిల్డింగ్‌లలో పని మొదలుపెట్టే ముందు ఆస్బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం) పరీక్ష విడిగా చేయించాలి, అమ్మేటప్పుడు ఇచ్చే రిపోర్టు సరిపోదు, ఎందుకంటే అది కంటికి కనబడే వాటినే చూస్తుంది, లినోలియం కింద దాక్కున్నదాన్ని చూడదు. మాకీ తేడా తెలియనే తెలియదు, కాగితం ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాం. పరీక్ష చేయిస్తే పలకల్లో లేదు, జిగురులో ఉంది. పీకితే ప్రత్యేకమైన కంపెనీ, మాస్కులు, సీలు వేసిన సంచులు, వేలల్లో ఖర్చు. అందుకని కదపకుండా అలాగే వదిలేసి పైన కొత్త ఫ్లోరింగ్ పరిచాం. నేల ఎత్తు పెరిగింది, వీధి తలుపు కింద తొమ్మిది మిల్లీమీటర్లు కోయాల్సి వచ్చింది. మేం నేరుగా ఒక మేస్త్రీని పెట్టేసుంటే వాడు మొదటిరోజే గడ్డపారతో పీకేసేవాడు, ఆ దుమ్ము ఎవరు పీల్చేవాళ్ళో.

పనివాళ్ళ కొటేషన్లు (ఇక్కడ దెవి అంటారు) మూడు తీసుకున్నాం. రిపోర్టులోని పరిమాణాల పట్టీని ముగ్గురికీ ఇచ్చి దాని మీదే ధర వేయమన్నాం. అయినా మొదటాయన "బాత్‌రూమ్ మొత్తం 9,200" అని ఒక్క లైను రాసి పంపాడు, పక్కన పెట్టేశాం. రెండో ఆయన అందరికంటే తక్కువ, మావారు మురిసిపోతుంటే నేను చూశాను, అది హెచ్‌టీ, అంటే టాక్స్ లేని ధర, మూడో ఆయనది టీటీసీ, టాక్స్‌తో కలిపినది. పది శాతం కలిపాక ఇద్దరికీ 900 తేడా మిగిలింది. పైగా రెండో ఆయన కాగితంలో టైల్స్ 31 చదరపు మీటర్లని ఉంది. ఫోన్‌లో అడిగితే కాసేపు ఆగి "పొరపాటు" అన్నాడు, మారుస్తానన్నాడు. ఆ 13 అంకె చేతిలో లేకపోతే నాకు 31 చూసి అనుమానం వచ్చేదే కాదు.

తక్కువ ధర వాడిని ఎందుకు తీసుకోలేదంటే, పదేళ్ళ గ్యారంటీ ఇన్సూరెన్స్ కాగితం. అందులో ఏయే పనులకి వర్తిస్తుందో రాసి ఉంటుంది. ఈయనది పెయింటూ ఫ్లోరింగూ వరకే, ప్లంబింగ్ లేదు. మా పనిలో సగం ప్లంబింగే. కింది ఫ్లాట్‌లోకి నీళ్ళు దిగితే ఎవరు బాధ్యులు? ధర ఎక్కువైనా మూడో ఆయన్నే పెట్టుకున్నాం.

టాక్స్ గురించి ఒక ముక్క. రెండేళ్ళు దాటిన ఇంట్లో కంపెనీయే సామాను తెచ్చి బిగిస్తే టీవీఏ (ఇక్కడి అమ్మకం పన్ను) పది శాతం, అదే టైల్స్ మనం షాపులో కొంటే ఇరవై. మావారు శనివారం పెద్ద షాపుకెళ్ళి షవర్ ట్రే కొనేసి వచ్చారు, ఆదా అని. మేస్త్రీ దాన్ని బిగిస్తాను గానీ పగిలితే నాకు సంబంధం లేదన్నాడు. రిపోర్టు ఏడో పేజీలో ఈ మాటే ఉంది, చదవలేదు ఆయన.

మెట్రర్ తప్పిన చోటు: చెత్త మోత. సామాను ఐదంతస్తులు పైకెక్కించే ఖర్చు వేశాడు, పగలగొట్టినది కిందికి దించేది మర్చిపోయాడు. ఆ ప్లాస్టర్ దిమ్మెలు, పాత టైల్స్ కలిపి టన్నున్నర, 25 కిలోల సంచులు అరవై. బరువని నోటితో అన్నది ఆయనే, లెక్కలో వేయనిదీ ఆయనే! 1,140 యూరోలు అదనం. ఫోన్ చేస్తే ఒప్పుకున్నాడు, 80 తిరిగిచ్చాడు, నేను ఇంకొంచెం ఆశించాను. ఇంకోటి, నీళ్ళ పైపు వాల్వు మార్చాలంటే బిల్డింగ్ మొత్తానికి నీళ్ళు ఆపాలి, దానికి సిండిక్‌కి (బిల్డింగ్ నిర్వహణ చూసేవాళ్ళకి) ముందే చెప్పి రోజు ఖాయం చేసుకోవాలి, ఆ మాట రాయలేదు. ఒక వారం పోయింది అలా.

చివరికి అయిన ఖర్చు 32,900. ఆయన చెప్పిన 33,400 లోపే. వెబ్‌సైట్ చెప్పిన దానికి దాదాపు రెట్టింపు.

పెయింట్ ఒక్కటే వేయించుకునేవాళ్ళకి ఇది దండగ, రెండు దెవిలు తీసుకుంటే చాలు. గోడ పగలగొట్టడమో, పైపులు, కరెంటు ముట్టుకోవడమో ఉంటే, ముఖ్యంగా మీరు ఇంకో ఊళ్ళో ఉండి రోజూ వెళ్ళి చూసుకోలేకపోతే పెట్టుకోండి. రిపోర్టు తేదీ మాత్రం కాగితం మీద రాయించుకోండి, ఆలస్యమైతే ఎంత తగ్గిస్తారో కూడా. ఐదుకి మూడున్నర ఇస్తా, ఆ అర పోయింది ఫోన్ ఎత్తనందుకు, ఒకటి అరవై సంచులకి.

పనంతా అయింది, వచ్చే నెల నుంచి ఒక స్టూడెంట్ దిగుతోంది. మేస్త్రీకి ఇవ్వాల్సిన దాంట్లో 5 శాతం మాత్రం ఒప్పందంలో ముందే రాయించుకుని పట్టుకున్నాం, షవర్ తలుపు కింది రబ్బరులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి, గురువారం వస్తానన్నాడు.