నోట్ ఫైలు కోసం ఢిల్లీ దాకా: నేషనల్ ఆర్కైవ్స్‌లో నా అయిదు చలికాలాలు

ఢిల్లీ జన్‌పథ్ మీద, పాత సర్కారు కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ వారి ఆ స్తంభాల భవనం ఫొటోలు అందరూ చూసే ఉంటారు. లుట్యెన్స్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి గీశాడనీ, 1926లో పూర్తయిందనీ ఎక్కడ వెతికినా దొరుకుతుంది. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ముప్ఫై నాలుగేళ్లు రెవెన్యూలో ఫైళ్లు మోసి, డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయిన నాలాంటివాడికి అక్కడ ఒక్క సుఖం ఉంది. నోట్ ఫైలు. ఈ రాతంతా దానికోసమే.

మన ఆఫీసుల్లో చేసినవాళ్లకి తెలుసు. వచ్చిన అర్జీ, వెళ్లిన జవాబు కరెంట్ ఫైల్లో ఉంటాయి. ఆ జవాబు వెళ్లేముందు గుమాస్తా ఏమని రాసి పైకి పెట్టాడు, సూపరింటెండెంటు ఎక్కడ గీత కొట్టాడు, పైవాడు ఎందుకు అడ్డం తిరిగాడు, ఇదంతా నోట్ ఫైల్లో. అర్జీదారు కంట పడేది మొదటిదే. నా సర్వీసులో నోట్ ఫైలు బయటివాడికి చూపించడమంటే ఇంటి వంటగది చూపించినట్టే, ఎవరూ చూపించేవారు కాదు. అక్కడ వందేళ్ల కిందటి వంటగదిని బల్ల మీద పెట్టి చూసుకోమంటారు.

మొదటి చలికాలం మాత్రం వృథా అయింది. తప్పు నాదే. మా అబ్బాయి నోయిడాలో ఉంటాడు. వాళ్లింట్లో కూర్చుని అభిలేఖ్ పటల్ అనే ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైటులో కాకినాడ అని కొట్టేవాణ్ణి, విశాఖపట్నం అని కొట్టేవాణ్ణి. నాకు కావలసినవి ఏవీ వచ్చేవి కావు. మా కోడలు చూసి, "మామయ్యగారూ, అప్పుడు దొరలు ఎలా రాసేవారో అలా కొట్టండి" అంది. అంతే. ‘కె’తో కాదు, ‘సి’తో మొదలయ్యే కొకనాడ. విశాఖ కాదు, వైజాగపటం. కృష్ణా కాదు, మధ్యలో ‘టి’ ఇరికించిన కిస్ట్నా. బందరు కాదు, మసూలిపటం. సర్వీసంతా పాత సెటిల్మెంటు రిజిస్టర్లు తిరగేసినవాణ్ణి, నాకు తట్టాల్సింది.

ఇక అసలు సంగతి. మూడో చలికాలంలో గోదావరి ఏజెన్సీ కాగితాలు వెతుకుతుంటే ఒక టపా రన్నరు ఫైలు తగిలింది. 1910ల నాటిది. మన్యం దారుల్లో టపా సంచీ మోసినవాడు. పోస్టాఫీసులు నేరుగా భారత ప్రభుత్వానివి కాబట్టి అతని పెన్షను తగాదా అక్కడిదాకా పోయింది. కరెంట్ వైపు చూస్తే ఏముంది? అర్జీ రాసేవాడెవడో రాసిచ్చిన ఇంగ్లీషు మహజరు, కింద వేలిముద్ర. దానికి రెండు లైన్ల జవాబు: జోక్యం చేసుకోవడానికి కారణం కనపడలేదు. ఆ రెండు లైన్లూ నేనూ నా చేత్తో ఎన్నిసార్లు రాశానో. కాగితం మూసేయబోయాను.

వెనక ఇంకో కట్ట ఉంది. పైన కె.డబ్ల్యూ. అని ఉంది, దీంతో కలిపి ఉంచమని. అది నోట్ వైపు. అసిస్టెంటు ఎవరో, పేరు లేదు, రెండక్షరాల పొడి సంతకమే. మూడు పేజీలు రాశాడు. రన్నరు సర్వీసులో విరామం వచ్చింది నిజమే, కానీ అది మన్యం జ్వరంతో పడుకున్న కాలం, ఎగ్గొట్టింది కాదు, ఆ విరామాన్ని మాఫీ చేసి పెన్షను ఇవ్వవచ్చు అని రూలు నంబరు వేసి మరీ వాదించాడు. పై అధికారి మార్జిన్లో పెన్సిలుతో "మాట్లాడండి" అన్నాడు. ఏం మాట్లాడుకున్నారో కాగితం మీద లేదు. తర్వాతి నోటు అర పేజీ. అదే చేతిరాత, స్వరం తగ్గింది. అయినా చివర్లో "దీన్ని ఇకముందు కేసులకి ఉదాహరణగా వాడుకోరని షరతు పెట్టి ఇవ్వవచ్చు" అని ఇంకో పుల్ల వేశాడు. ఆ పుల్ల వెయ్యడం నాకు బాగా తెలుసు. పైనుంచి వచ్చింది ఒకే ముక్క: కుదరదు.

ఢిల్లీలోనో సిమ్లాలోనో కూర్చున్న ఒక గుమాస్తా తనకోసం మూడు పేజీలు రాశాడని ఆ రన్నరుకి తెలియనే తెలియదు. నేను ఆ పూట ఇంక వేరే ఫైలు ముట్టుకోలేదు. బయటికొచ్చి టీ తాగి, మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. "మీరు ఢిల్లీ వెళ్లి కూడా ఆఫీసే చేస్తున్నారా" అంది.

ఆ ఊపులో రెండేళ్లపాటు కనపడినవాళ్లందరికీ అక్కడ అన్నీ దొరుకుతాయని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. అప్పటి సర్కారు ప్రొసీడింగ్స్‌కి, అంటే ముగిసిన ఫైళ్లకి, ఎ, బి, డిపాజిట్ అని తరగతులుండేవి. ముఖ్యమైన ‘ఎ’లు అచ్చు వేశారు కాబట్టి చదవడం హాయి. డిపాజిట్‌కి దిగితే చేతిరాతే. కొన్ని కాగితాలకి రెండువైపులా పల్చటి టిష్యూ అతికించి ఉంటుంది. యంత్రం లేకుండా అసిటోన్ అద్ది చేత్తో అతికించే ఆ పద్ధతి ఈ సంస్థలోనే పుట్టింది. కాగితాన్ని బతికించింది, కాదనను. శుక్లం ఆపరేషన్ అయిన నా కంటికి మాత్రం దానికింద పెన్సిలు రాత మసకే. పైగా మన జిల్లాల సంగతుల్లో ఢిల్లీ చేరింది అప్పటి మద్రాసు ప్రభుత్వం పైకి పంపిందే. మిగతాదాంట్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరులో, తమిళనాడు ఆర్కైవ్స్‌లో. నిజాం వైపువాళ్లయితే ముందు హైదరాబాదు తార్నాకలో ఉన్న తెలంగాణ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి.

ఇంకోటి. 1860లో సివిల్ ఆడిటర్ శాండిమన్ ఇచ్చిన రిపోర్టుతో ఇలాంటి ఆర్కైవ్స్ పెట్టాలన్న ఆలోచన మొదలైందంటారు. పనికిరాని రొటీన్ కాగితాలు తీసి పారేయండి, విలువైనవి ఒక పెద్ద కేంద్ర భాండాగారంలో పెట్టండి అన్నాడు. పారేయడం, దాచడం ఒకే నోట. అది తేలడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. ఫారెస్ట్ అనే ప్రొఫెసరు చేతిలో పెట్టి 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ తెరిచారు, నేషనల్ ఆర్కైవ్స్‌కి అప్పటి పేరది. రాజధాని మారుతుందని 1911లో ప్రకటించారు, ఢిల్లీలో భవనం 1926కి లేచింది, కలకత్తా నుంచి కట్టలన్నీ వచ్చేసరికి 1937. పదకొండేళ్లు! రికార్డు రూము ఒక గదిలోంచి పక్క గదికి మార్చడానికే మాకు ఏడాదిన్నర పట్టింది, అందుకని నవ్వే అర్హత నాకు లేదు. ఈ భవనం ఉన్న కూడలిలో నాలుగు భవనాలు కట్టాలని లుట్యెన్స్ పథకం. వాటిలో ఆయన చేతిమీదుగా లేచింది ఇదొక్కటే. మ్యూజియాలూ అవీ మిగిలిపోయి కాగితాల కొట్టు గెలవడం నాకెందుకో తృప్తిగా ఉంటుంది.

శాండిమన్ రిపోర్టు గుర్తొస్తే మాత్రం ఆ తృప్తి కాస్త తగ్గుతుంది. మా దగ్గర ముగించిన ఫైలు మీద వేసే గుర్తు ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాదికే చెత్త. 1987లో ఒక తలారి కోసం నేనూ రెండు పేజీల నోటు రాశాను. కుదరదనే వచ్చింది. ఎల్.డిస్. కింద మూసింది నేనే.

వెళ్లమంటారా అంటే, నాకు కొడుకు ఇంట్లో భోజనం, మెట్రో ప్రయాణం, పెన్షను, బోలెడంత తీరిక ఉన్నాయి. సెలవు పెట్టుకుని, లాడ్జిలో దిగి, నాలుగు రోజుల్లో తాతగారి చరిత్ర తేల్చుకుందామనుకునేవాళ్లకి ఇలా కుదురుతుందని చెప్పలేను. వాళ్లు ముందు ఇంట్లోనే కూర్చుని పాత స్పెల్లింగులతో వెబ్‌సైటు వెతుక్కోవాలి. స్కాను దొరికితే అసలు ప్రయాణమే అక్కర్లేదు. వెళ్తే మాత్రం ఫైల్లో జవాబు చూసి లేచిపోకండి, వెనక ఇంకో కట్ట ఉందేమో చూడండి.

నేను జనవరిలో మళ్లీ వెళ్తున్నాను. ఆ రెండక్షరాల పొడి సంతకం ఇంకో ఫైల్లో కనపడుతుందేమోనని.