నెట్ ఊకె ఒడుస్తున్నదా? ఫార్మాట్ మేలా, లోపల చూసుడు మేలా?

మొన్న మిర్యాలగూడ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసిండు. "బావా, ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ నడిపిస్తున్న. రోజుకు 1.5 జీబీ, మధ్యాహ్నానికే ఒడుస్తున్నది. వీడియోలు సుత చూస్తలేను. వైరస్ దూరినట్టుంది, ఫార్మాట్ కొట్టియ్యనా?"

కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా మన దగ్గర ఒకటే మందు. ఫార్మాట్ కొడితే దుకాణం పిల్లగానికి పని తొందరగా అయిపోతుంది, మనకూ తృప్తిగా ఉంటుంది. కానీ నెట్‌ను తాగుతున్నది ఏదో మాత్రం తెలియదు. అందుకే "ఆగు, ముందు రిసోర్స్ మానిటర్ తెరువు" అన్నాను.

ఏ ప్రోగ్రామ్ ఎంత నెట్ వాడుతున్నదో అది చూపిస్తుంది. విండోస్‌లోనే ఉంటుంది, స్టార్ట్‌లో పేరు కొడితే వస్తుంది. బ్రౌజర్ మూసేసి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో "సెండ్" అనే నిలువు వరుస పేరు మీద నొక్కితే ఎక్కువ పంపుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. మా వాడి దగ్గర పైకొచ్చింది వైరస్ కాదు, ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కించే బ్యాకప్ ప్రోగ్రామ్. చెల్లె పెళ్లి ఫొటోలు 4 జీబీ డెస్క్‌టాప్ మీద పడేసి మర్చిపోయిండు. రోజూ కొంత ఎక్కడం, డేటా ఒడవడం, మర్నాడు మళ్లీ మొదలు! ఫార్మాట్ కొట్టి, అదే ఖాతాతో లాగిన్ అయి, ఫొటోలు మళ్లీ అక్కడే పెడితే ఈ కథ మొదటికే వచ్చేది. బ్యాకప్‌ను పాజ్ చేసి, ఆ హాట్‌స్పాట్‌ను "మీటర్డ్ కనెక్షన్"గా, అంటే డేటాకు హద్దు ఉన్నదని విండోస్‌కు తెలిసేటట్టు పెట్టించాను.

ప్రోగ్రామ్ పేరు చూసినా అర్థం కాకపోతే? అప్పుడు కంప్యూటర్ ఏయే అడ్రసులకు కనెక్ట్ అయిందో చూపించే నెట్‌స్టాట్, టీసీపీవ్యూ అని రెండు దారులు. నెట్‌స్టాట్ ప్రతి విండోస్‌లో ఉంటుంది, ఏదీ దించుకోనక్కర్లేదు. కానీ కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర మీద అది చూపించేది ఆ క్షణం పరిస్థితి మాత్రమే. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ పేజీలో ఉచితంగా దొరికే టీసీపీవ్యూ కళ్లముందే మారుతుంటుంది: కొత్త కనెక్షన్ పచ్చగా, తెగిపోయేది ఎర్రగా. నా ఓటు దీనికే. 443 పోర్టు (పోర్టు అంటే కనెక్షన్‌కు ద్వారం నంబరు) కనిపిస్తే కంగారు వద్దు, మామూలు వెబ్ రాకపోకలు అక్కడే జరుగుతాయి. ఒకే ప్రోగ్రామ్ వరుసగా ఎన్నో తెలియని అడ్రసులకు 445 (ఫైళ్ల షేరింగ్) లేదా 25 (మెయిల్ పంపుడు) పోర్టు తడుతుంటే మాత్రం ఆలోచించాలి. విండోస్ సర్వీసులను నడిపే ఎస్‌వీసీహోస్ట్ (svchost) పేరు చూసి చాలామంది బెదిరిపోతారు. సిస్టమ్32 ఫోల్డర్ నుంచి నడిచేది విండోస్‌దే, వేరే చోటు నుంచి నడిస్తేనే అనుమానం.

వైర్‌షార్క్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. 1998లో ఎథీరియల్ పేరుతో వచ్చి, 2006లో ఈ పేరు పెట్టుకున్న గట్టి పనిముట్టు అది. నెట్ మీద పోయే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే ప్రతి సమాచారపు ముక్కనూ చూపిస్తుంది, కానీ దాన్ని పంపిన ప్రోగ్రామ్ ఏదో నేరుగా చెప్పదు. పైగా ఎన్‌క్రిప్ట్ అయిన (తాళం వేసిన) సమాచారం లోపలేముందో కనబడదు. ఇంటి కంప్యూటర్‌కు అది ఎలుక కోసం కొండను తవ్వడమే.

ఇంట్లో వైఫై రూటర్ ఉన్నవాళ్లు కంప్యూటర్ ఆపేసి చూడండి. అప్పుడూ డేటా పోతూనే ఉంటే తప్పు కంప్యూటర్‌ది కాదు. రూటర్‌కు ఎన్ని ఫోన్లు తగులుకున్నాయో చూసి పాస్‌వర్డ్ మార్చాలి.

మరి ఫార్మాట్ ఎప్పుడు? మనం పెట్టని ప్రోగ్రామ్ ఒకటి తీసేసినా మళ్లీ వస్తుంటే, విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ చేసినా పోకుంటే, అప్పుడు నేనూ ఫార్మాటే అంటాను. దానికంటే ముందు నెట్ తీసెయ్యాలి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి. ఖాతాలో పైసలు పోయినట్టు తెలిస్తే దుకాణానికి పోకముందే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి.