ట్యాక్స్ రీఫండ్: చెక్కు రోజుల నుంచి ఇప్పటిదాకా నా అనుభవం

2012 నుంచి ఏటా ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేస్తున్నాను. ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి ఇచ్చే రీఫండ్ చెక్కు రూపంలోనూ తీసుకున్నాను, నేరుగా అకౌంట్లోనూ తీసుకున్నాను. అకౌంట్ పద్ధతే వెయ్యి రెట్లు నయం, కానీ అకౌంట్ వివరాలు సరిగ్గా ఉంటేనే.

చెక్కు సంగతి ముందు చెప్తా. అప్పట్లో అమీర్‌పేటలో అద్దెకుండేవాళ్లం, రిటర్న్‌లో ఆ అడ్రసే ఇచ్చాను. స్పీడ్ పోస్టులో చెక్కు వచ్చేసరికి కూకట్‌పల్లికి మారిపోయాం. అది వెనక్కి వెళ్లిపోయింది, మళ్లీ పంపమని అడిగి, కొత్త అడ్రసు ఇచ్చి, అది చేతికొచ్చేదాకా నెలల తరబడి ఎదురుచూపే. పైగా చెక్కు మూడు నెలల్లో బ్యాంకులో వేయకపోతే చెల్లదు.

2019 మార్చి నుంచి ఆ బాధ లేదు. పాన్‌తో లింకై, ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసిన, అంటే మనదేనని సరిచూసిన అకౌంట్లోకే డబ్బు వేస్తున్నారు. గత మూడేళ్లూ నాకు ఈ-వెరిఫై (రిటర్న్ వేసింది మనమేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) చేసిన నెలలోపే వచ్చింది. ఆ ఈ-వెరిఫై రిటర్న్ వేసిన 30 రోజుల్లో చేయాలి, మా ఆఫీసులో ఇద్దరు అది మర్చిపోయి రీఫండ్ రాలేదేంటని కూర్చున్నారు.

నాకూ ఒకసారి ఫెయిలైంది. మా పాత బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది, నేను పోర్టల్‌లో మార్చలేదు. ఏసీ గార్డ్స్‌లో ఇన్‌కం ట్యాక్స్ టవర్స్‌కి వెళ్లాలేమోనని టెన్షన్ పడ్డాను, అవసరమే రాలేదు, రిటర్న్‌ల ప్రాసెసింగ్ జరిగేది బెంగళూరులోని సీపీసీ అనే కేంద్రంలో కదా. ప్రొఫైల్‌లో బ్యాంకు వివరాలు సరిచేసి, మళ్లీ వ్యాలిడేట్ చేసి, సర్వీసెస్‌లో రీఫండ్ మళ్లీ పంపమని రీఇష్యూ రిక్వెస్ట్ పెట్టాను. కొన్ని వారాల్లో డబ్బు పడింది. అప్పటి నుంచి జీతం అకౌంట్ ఇవ్వడం మానేశాను. ఉద్యోగం మారితే ఆ అకౌంట్ గతేంటో మనకే తెలియదు, ఎప్పటికీ మూయని సొంత సేవింగ్స్ అకౌంట్ ఒకటి దీనికి పెట్టుకోండి.

నాన్నగారిది ఇంకో చిక్కు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు వాళ్లు ముందే పన్ను (టీడీఎస్) కోశారు, రీఫండ్ రావాలి. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే. మనవాళ్లలో సగం మందికి ఇంతే. రెండు పేర్లూ కలవక వ్యాలిడేషన్ దగ్గరే ఆగిపోయింది. పాన్ జిరాక్స్ పట్టుకెళ్లి బ్రాంచిలో కేవైసీ వివరాల్లో పేరు మార్పించాకే దారికొచ్చింది. పెద్దవాళ్ల రిటర్న్ వేసేముందు ఈ ఒక్కటి చూడండి, దయచేసి.

రీఫండ్ ఆలస్యమైతే నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు, అయితే రీఫండ్ మన మొత్తం పన్నులో పది శాతం కన్నా తక్కువుంటే ఇవ్వరు. ఆ వడ్డీని మరుసటి రిటర్న్‌లో ఆదాయంగా చూపాలి. పాత పన్ను బాకీ ఏమైనా ఉంటే రీఫండ్‌లోంచి పట్టుకుంటారు, ముందు నోటీసు వస్తుంది, దానికి జవాబివ్వకుండా వదిలేయొద్దు.

మొన్న నాన్నగారికి రీఫండ్ మంజూరైందని, లింకు నొక్కి కార్డు నంబరు ఇవ్వమని ఒక మెసేజ్ వచ్చింది. "ఒరేయ్, ఇది నొక్కాలా?" అని ఫోన్ చేశారు. నొక్కకముందే అడిగారు, అంతే చాలు నాకు. ఇన్‌కం ట్యాక్స్ శాఖ వాళ్లు కార్డు నంబరు, పిన్, ఓటీపీ ఎప్పుడూ అడగరు.