బోటు ట్రెయిలర్ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు పైపు లోపల చూడండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సొంత బోటు ఉండి, దాన్ని కారు వెనక లాక్కెళ్లే పాత ట్రెయిలర్ పోయి కొత్తది వెతుక్కుంటున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. గాల్వనైజ్డ్, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత వేసినది అని మాకు అమ్మిన ట్రెయిలర్ నిజానికి మామూలు ఇనుప పైపులకు సిల్వర్ పెయింట్ కొట్టినది. అంతవరకే అయితే డబ్బు పోయిందనుకుని ఊరుకునేవాళ్లం. కానీ బోటు పైన ఉండగా, రద్దీ రోడ్డు మీద చక్రం ఊడిపోయే పరిస్థితి వచ్చింది. వెనకే బైకుల మీద పిల్లాపాపలతో వస్తున్నవాళ్లు ఉన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

మాది పదహారు అడుగుల ఫైబర్ బోటు, 40 హెచ్‌పీ ఇంజిన్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బోటు సింగ్‌నగర్‌లో జనాన్ని చేరవేసింది, ట్రెయిలర్ మాత్రం రోజుల తరబడి ఆ మురికి నీళ్లలో నానింది. ఇరుసు, కమాన్లు తుప్పు తినేశాయి. మళ్లీ వరదొస్తే బోటు ఇంటి దగ్గరే ఆగిపోకూడదని ఊళ్లోనే ఒక షెడ్డులో కొత్తది తీసుకున్నాం. "జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్) సార్, మీ అబ్బాయి కాలం దాకా తుప్పు మాటే ఉండదు" అన్నాడు యజమాని. బిల్లులో మాత్రం 'ట్రాలీ ఫ్యాబ్రికేషన్' అని ఒక్క ముక్క రాసిచ్చాడు.

హాట్ డిప్ గాల్వనైజింగ్ అంటే వెల్డింగ్ అంతా అయిపోయిన చట్రాన్ని, సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగించిన జింకులో మొత్తంగా ముంచి తీయడం. అలా ముంచినప్పుడు జింకు పైపుల లోపలికి కూడా పోతుంది. అది లోపలికి పోవాలన్నా, లోపలి గాలి బయటికి రావాలన్నా పైపులకు రంధ్రాలు ఉండి తీరాలి. కాబట్టి పైన మెరుపు చూసి లాభం లేదు. ఫోన్ టార్చి వేసి పైపు చివర లోపలికి చూడండి. లోపల కూడా బూడిద రంగు పూత, చట్రానికి ఆ రంధ్రాలు రెండూ ఉంటేనే ముంచినదని నమ్మొచ్చు. మా దానికి ప్లాస్టిక్ మూత పీకి వేలు పెట్టి తిప్పితే వేలంతా ఎర్రటి పొడి. చట్రం మొత్తం వెతికినా రంధ్రం ఒక్కటీ లేదు.

ఇంకో రకం కూడా ఉంది. రెడీమేడ్ జీఐ పైపులు తెచ్చి వెల్డింగ్ చేస్తారు. ఆ వేడికి అతుకుల దగ్గర జింకు కాలిపోతుంది, దాని మీద సిల్వర్ పూసేస్తారు. తుప్పు మొదలయ్యేది అక్కడే. మన కృష్ణలో మంచినీళ్లే కదా, పెయింట్ చాలదా అని కొందరంటారు. బ్యారేజీ ఎగువనే తిరిగినా రంగు ఎన్నాళ్లో ఆగదు. ఇక నాగాయలంక, సూర్యలంక వైపు తీసుకెళ్లామంటే ఉప్పునీళ్లే.

అసలు భయం వేసింది చక్రం దగ్గర. నాగాయలంక వెళ్తుంటే ఉయ్యూరు దాటాక మా తమ్ముడు "అన్నయ్యా, ఏదో కాలుతున్న వాసన, ఆపు" అన్నాడు. దిగి చూస్తే ఎడమవైపు హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) మీద చెయ్యి ఆనడం లేదు, అంత వేడి. జాకీ వేసి చక్రాన్ని ఊపితే అటూ ఇటూ ఆడుతోంది. కాస్త చల్లారాక మూత తీస్తే గ్రీజు మజ్జిగలా తెల్లగా విరిగిపోయి ఉంది. నట్టు తిరగకుండా పెట్టాల్సిన స్ప్లిట్ పిన్ను లేదు. దాని స్థానంలో వంచిన వెల్డింగ్ రాడ్ ముక్క, అదీ సగం తెగిపోయి ఉంది. ఆ మిగతా సగం కూడా రాలిపోతే నట్టు, దాని వెనకే చక్రం వచ్చేసేవి.

ట్రాక్టర్ ట్రక్కు చక్రాలు రోజూ నీళ్లలో మునగవు. బోటు ట్రెయిలర్‌వి బోటు దించిన ప్రతిసారీ మునుగుతాయి. దూరం నడిచి వేడెక్కిన హబ్‌ను అలాగే ఘాట్‌లో దించితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. వెనకున్న ఆయిల్ సీల్, అంటే నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు, నాసిరకమైతే నీళ్లను లోపలికి లాగేస్తుంది. గ్రీజు తెల్లబడేది అందుకే, బేరింగ్ పోయేది అందుకే. మంచి సీల్ ఉన్నా సరే, హబ్‌లు చల్లారేదాకా ఆగే దించాలి. కొనేటప్పుడు రెండు చక్రాలూ జాకీ మీద లేపించి తిప్పి చూడండి, మూతలు తీయించండి. తీయనంటే అక్కడి నుంచి వచ్చేయండి. బేరింగ్ మీద కంపెనీ పేరు, నంబరు చెక్కి ఉండాలి. అది పామర్రులోనో తెనాలిలోనో అడిగినా దొరికే సైజు అయితే సగం టెన్షన్ పోయినట్టే.

కొలతలు కూడా మీ బోటుకు తీయించుకోండి. మాకిచ్చిన దాంట్లో బోటు అడుగును మోసే పట్టీలు వెనక జానెడు ముందే ఆగిపోయాయి. ఇంజిన్ బరువంతా ఆధారం లేకుండా వేలాడుతోంది. గతుకులు తగిలేకొద్దీ ఇంజిన్ బిగించే వెనక గోడ పగులుతుంది. ఇంజిన్, పెట్రోలు, బ్యాటరీ, లంగరు అన్నీ పెట్టి కాటా వేయించి, ఆ బరువుకు పైన ఇంకాస్త మోసేలా అడగండి. మొత్తం బరువులో పదో వంతు దాకా కారు కొక్కెం మీద పడాలి. మరీ తేలికైతే స్పీడులో ట్రెయిలర్ తోక ఊగుతుంది.

టైరు పక్కన తయారీ తేదీ చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం అని. లైట్ల వైరింగ్ ఎవరైనా బాగు చేస్తారు, దాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

కాగితాల సంగతి అడిగితే "చిన్నదే కదా సార్, ఎవరూ ఆపరు" అన్నాడు షెడ్డు యజమాని. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అంటే ట్రెయిలర్ కూడా. రిజిస్ట్రేషన్ చేయించి ఇవ్వలేని వాడి దగ్గర ఎంత తక్కువకు వచ్చినా తీసుకోవద్దనే నా మాట.

ఆ యజమాని ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 5 లక్షల లోపు కొన్నదానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. బిల్లులో ఏమీ లేకపోయినా, 'ఫుల్ గాల్వనైజ్డ్' అని అతను పంపిన వాట్సాప్ మెసేజ్ మా దగ్గరుంది. మీరు మాత్రం హాట్ డిప్ అని, ఎంత బరువు మోస్తుందని, బేరింగ్ నంబరుతో సహా బిల్లు మీదే రాయించుకోండి. ఇలాంటి ట్రెయిలర్ ఇప్పటికే తీసుకుని ఉంటే, మళ్లీ రోడ్డెక్కించే లోపు హబ్ మూతలు తీసి ఆ స్ప్లిట్ పిన్నులు ఉన్నాయో లేవో చూసుకోండి.